కంచం ఖాళీ అయ్యేదాకా

పాసయ్యాను! డిగ్రీ పాసయ్యాను! అన్ని పేపర్లూ గట్టెక్కాయి, ఒక్కటీ మిగల్లేదు. నన్ను రెండుసార్లు ఏడిపించిన ఆ ఎకనామిక్స్‌తో సహా!

ముందు ఈ మాట చెప్పేస్తే గాని మిగతాది చెప్పలేను, మన్నించండి. మా నాన్నది వేలిముద్ర, మా అమ్మదీ అంతే. మా తమ్ముడు ఎనిమిదిలోనే బడి మానేసి చెరకు తోటలోకి దిగాడు. నేను ఇంటర్ సగంలో వదిలేశాను. మా ఇంట్లో పేరు వెనకాల బి.ఏ. అని రాసుకోగలిగిన మొదటి మనిషిని నేనే, అదీ తల నెరిసి, మోకాళ్లకి నూనె రాసుకునే వయసులో. చోడవరం బస్టాండు దగ్గర నెట్ సెంటరు అమ్మాయి కంప్యూటర్లో నా నంబరు కొట్టి, తెర మీదకి వంగి చూసి, "మామ్మా, పాసంట! సెకండ్ క్లాసు!" అని అరిచింది.

"సరిగ్గా సూడమ్మా, అది నా నంబరేనా?"

"నీదే మామ్మా. ఇదిగో నీ హాల్ టికెట్టు. ఈ ఫొటోలో కోపంగా సూస్తన్నది నువ్వే కదేటి?"

ఆ కోపం ఎకనామిక్స్ మీదమ్మా అని చెప్పి, నవ్వుకుంటూ గదికొచ్చాను. తలుపు తీశాను. "పాసయ్యాను" అని గట్టిగా అన్నాను. ఫ్యాను తిరుగుతోంది. గది అద్దెకిచ్చిన ఇంటివాళ్లు దేవరాపల్లిలో పెళ్లికి వెళ్లారు. తమ్ముడికి చేస్తే ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఇంత మంచి కబురు చేతిలో పట్టుకుని, గది మధ్యలో అలా నిలబడిపోయాను. ఎవరికైనా చెప్పాలి కదా. అందుకే మీకు చెబుతున్నాను. చిన్నవాళ్లు మీరు, ఓపిక ఉంటుంది.

ఈ డిగ్రీ ఎలా వచ్చిందని అడిగితే నా ఉద్యోగం గురించి చెప్పాలి. ఉద్యోగం గురించి చెప్పాలంటే ఒక గుంట గురించి, అంటే మా వైపు మాటలో ఓ ఆడపిల్ల గురించి చెప్పాలి.

మా ఆయన పోయాక నేను గల్ఫ్ వెళ్లాను. కొన్నాళ్లు ఒక ఇంట్లో పని చేసి, తర్వాత మన దేశం పిల్లలు చదువుకునే ఒక పెద్ద బడిలో కుదిరాను. బడి క్లినిక్‌లో హెల్పర్ని. జ్వరం వచ్చిన పిల్లని క్లాసు నుంచి తీసుకురావడం, వాంతి చేసుకుంటే కడగడం, దెబ్బ తగిలితే సిస్టరమ్మ కట్టు కట్టేదాకా చెయ్యి పట్టుకుని కూర్చోవడం, ఇదీ నా పని. సిస్టరమ్మది కేరళ. గట్టి మనిషి, గట్టి గొంతు. డాక్టరమ్మ ఉత్తరాదామె, వారంలో కొన్ని రోజులే వచ్చేది. మా ముగ్గురికీ మధ్య హిందీ. నా హిందీ వింటే ఇద్దరూ నవ్వేవారు. పిల్లలందరికీ నేను 'ఆంటీ'ని. చివరికి వయసు మీరిందని వీసా పొడిగించలేదు. దాన్నే నేను రిటైర్ అవడం అంటాను, వినడానికి బాగుంటుందని.

అక్కడ ఒక రూలు ఉండేది. పిల్లలతో ఇంగ్లీషులోనే మాట్లాడాలి, మరీ కాకపోతే హిందీలో. ఎవరి భాష వాళ్లు మాట్లాడితే పిల్లలు జట్లు జట్లుగా విడిపోతారని పెద్ద మేడం భయం. అందుకని తెలుగు పిల్ల వచ్చినా నేను "వాట్ హేపెండ్ బేటా" అనేదాన్ని. నాకొచ్చిన ఇంగ్లీషులో సగం అదే.

ప్రతి టర్మ్ మొదట్లోనూ పిల్లల బరువు తూచేవాళ్లం. బూట్లు విప్పించి, వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరినీ మిషను ఎక్కించేవాళ్లం. నేను అంకె చదివితే గది ఆ చివర బల్ల దగ్గర కూర్చున్న సిస్టరమ్మ రాసుకునేది. "గట్టిగా చెప్పు, వినపడటం లేదు" అనేది. గట్టిగా చెప్పడం నాకు చిన్నప్పుడే అలవాటు. మా నాన్నతో చెరకు బండి మీద గోవాడ ఫ్యాక్టరీకి వెళితే, కాటా దగ్గర బండి బరువు ఊరందరికీ వినపడేలా అరిచి చెప్పేవారు. అంకె పెద్దదైతే నాన్న మొహం వెలిగిపోయేది, నాకు బెల్లం జీళ్లు దొరికేవి. బరువు పెరగడం చెడ్డ కబురు అవుతుందని నేను ఆ దేశం వెళ్లాకే తెలుసుకున్నాను. మా వైపు ఎవరినైనా 'ఒళ్లు చేశావు' అంటే మెచ్చుకున్నట్టు. 'చిక్కిపోయావు' అంటేనే దిగులు.

ఆ గుంట ఎనిమిదో తరగతి. మిషను ఎక్కినప్పుడు నేను అంకె చదివాను. వెనకాల వరసలో ఎవరో కిసుక్కుమన్నారు, ఇంకెవరో లారీ హారన్‌లా చప్పుడు చేశారు. ఆ పిల్ల దిగి, బూట్లు చేత్తో పట్టుకుని, వేసుకోకుండానే వెళ్లిపోయింది.

అలా ఒళ్లు చేసిన పిల్లలు ఆ బడిలో చాలామంది ఉండేవారు. ఎందుకుండరు? బయట ఎండ నిప్పులు కక్కుతుంది, ఆడుకోవడానికి లేదు. బస్సు దింపితే లిఫ్టు, లిఫ్టు దిగితే ఫ్లాటు, లోపలినుంచి గడియ. అమ్మా నాన్నా షిఫ్టుల్లో. కింద కొట్టులో మంచినీళ్ల కంటే కూల్‌డ్రింకే చవక. పెద్దవాళ్లు పని నుంచి వచ్చేదాకా మేలుకుని ఉంటారు, పొద్దున్నే బస్సు కోసం లేస్తారు, నిద్ర చాలదు. ఇవన్నీ మా క్లినిక్ గోడ మీద పోస్టర్లో బొమ్మలతో సహా ఉండేవి. ఆ పోస్టర్లో ఒక్కటీ అబద్ధం కాదు. బరువు ఎక్కువున్న పిల్లలందరి ఇళ్లకీ ఒక కాగితం వెళ్లేది: వేపుళ్లు తగ్గించండి, నడిపించండి, తినేటప్పుడు ఫోను చూడనివ్వకండి. ఈ గుంట ఇంటికీ వెళ్లింది.

తర్వాతి టర్మ్‌లో మళ్లీ తూచాం. అంకె చూసి నేనే నమ్మలేకపోయాను. దించి, మళ్లీ ఎక్కించాను. చాలా తగ్గింది. సిస్టరమ్మ బల్ల దగ్గరనుంచి లేచి వచ్చి మరీ చూసింది. "శభాష్!" అని చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. ఆటల మేష్టారు ఆ దారిన పోతూ, "చూశారా, తలుచుకుంటే ఎవరైనా చెయ్యగలరు" అని మిగతా పిల్లలకి చూపించాడు. క్లినిక్ బోర్డు మీద ఆ పిల్ల పేరు రాసి, పక్కన బంగారు రంగు నక్షత్రం అంటించాం. ఆ పిల్ల మా ముగ్గురినీ అదోలా చూసింది. సంతోషం పట్టలేక అలా ఉందనుకున్నాం.

కొన్నాళ్లకి ఆటల పోటీలు వచ్చాయి. పొద్దున్నే మైదానంలో కవాతు ప్రాక్టీసు చేస్తుండగా ఆ పిల్ల విరుచుకు పడిపోయింది. స్ట్రెచర్ మీద తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాం. ఆ రోజు డాక్టరమ్మ ఉంది. నాడి చూసింది, కళ్లు చూసింది, ఇంగ్లీషులో అడిగింది. "ఐయామ్ ఫైన్, ఐ హ్యాడ్ బ్రేక్‌ఫాస్ట్" అంది గుంట. డాక్టరమ్మ నమ్మలేదు. తల్లిదండ్రులకి ఫోన్ చెయ్యడానికి పక్క గదిలోకి వెళ్లింది, సిస్టరమ్మ ఆమె వెనకాలే వెళ్లింది. నేను తడిగుడ్డతో మొహం తుడుస్తున్నాను. మణికట్టు చూస్తే పుల్లలా ఉంది. రూలు గుర్తులేదు, నోటికొచ్చింది అనేశాను.

"ఏటమ్మా ఇది? పొద్దున్న ఏటి తిన్నావు నిజంగా?"

ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసి నన్ను చూసింది.

"ఆంటీ, నువ్వు మా పెద్దమ్మలాగ మాట్లాడతన్నావు."

"మీదే ఊరు తల్లీ?"

"గోవాడ. మా పెద్దమ్మకి అక్కడ హోటలుంది, ఫ్యాక్టరీ రోడ్డు మీద."

నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆ రోడ్డు నాకు తెలియకపోవడమేమిటి! అంతకాలం ఆ పిల్లని మిషను ఎక్కించి దించి 'నెక్స్ట్' అన్నాను. చోడవరం పక్క పిల్ల, మా పక్క పిల్ల.

అప్పుడు చెప్పింది. అమ్మా నాన్నా ముందే వచ్చేశారు. ఈ పిల్లని పదేళ్లొచ్చేదాకా పెద్దమ్మే పెంచింది. ఆ తర్వాత తీసుకొచ్చారు. నాన్న ఏసీలు బిగించే కంపెనీలో, అమ్మ ఒక సూపర్‌మార్కెట్‌లో. బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు.

"పెద్దమ్మకి మద్దేనం జనం ఎల్లిపోయాక, సాయంత్రం బజ్జీలు ఎయ్యకముందు కాసేపే ఖాళీ ఆంటీ. అప్పుడు వీడియో కాల్ సేసేది. నేను కంచం పెట్టుకుని కూకునేదాన్ని. 'తిను, నువ్వు తినేదాక ఉంటాను' అనేది. నేను తినేస్తే, 'సరే, సెయ్యి కడుక్కో తల్లీ, నేను పిండి కలుపుకోవాలి' అని పెట్టేసేది."

"మరి?"

"మరేటి! కంచం ఖాళీ అవ్వకుండా సూసుకునేదాన్ని."

అంత మామూలుగా అంది. అన్నం అయిపోతే బ్రెడ్డు, అదీ అయిపోతే చిప్సు. పెద్దమ్మ అక్కడ మురిసిపోయేది, 'నా తల్లే, ఒళ్లు సేస్తన్నావు' అని. తర్వాత మా కాగితం ఇంటికెళ్లింది. తినేటప్పుడు ఫోను చూడనివ్వకండి అని ఉంది కదా, నాన్న ఫోను తీసేసుకున్నాడు.

"ఇప్పుడు కంచం పెట్టుకుంటే ఎదర ఎవలూ ఉండరాంటీ. ముద్ద దిగదు. సెత్తబుట్టలో ఏసేసి, కంచం కడిగి పెట్టేస్తాను. అమ్మ సూసుకుని తినేసేననుకుంటాది. మరి మీరందరూ సప్పట్లు కొట్టేరు కదా. మంచిదే సేస్తన్నాననుకున్నాను."

డాక్టరమ్మ వచ్చి, "ఏమంటోంది?" అని అడిగింది. తెలుగు మాట్లాడినందుకు ఆమె ఏమీ అనలేదు. నా హిందీలో అంతా చెప్పాను. మా వైపు తింటున్న మనిషిని ఒంటరిగా వదిలి ఎవరూ లేవరనీ, తినడం అయ్యాకే లేస్తారనీ, ఆ పిల్ల పెద్దమ్మని లేవనివ్వకుండా చూసుకుందనీ చెప్పాను. ఆ రోజు నా హిందీకి ఎవరూ నవ్వలేదు. సిస్టరమ్మ సొంత కూతురు అప్పటికి కేరళలో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. సిస్టరమ్మ వెళ్లి బోర్డు మీది నక్షత్రాన్ని గోటితో గీకింది. సగం ఊడింది, సగం అంటుకునే ఉండిపోయింది. నేను ఆ బడి వదిలిన రోజున కూడా ఆ సగం నక్షత్రం అక్కడే ఉంది.

పని వదిలి తండ్రి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. కంపెనీ యూనిఫాం, మోచేతులదాకా దుమ్ము. కూతుర్ని చూశాడు, మమ్మల్ని చూశాడు. నేను తెలుగుదాన్నని తెలియగానే ఇంగ్లీషు వదిలేశాడు.

"బరువెక్కువుందని కాయితం ఎట్టేరు, ఫోను లాక్కున్నాను. తగ్గిందని ఫోన్ సేసి సెప్పేరు, సంతోషించేను, మా కంపెనీలో అందరికీ సెప్పుకున్నాను. ఇప్పుడు పడిపోనాది అంటన్నారు. అమ్మా, నన్నేటి సెయ్యమంటారో ఒక్కసారి తిన్నగా సెప్పమనండి మీ డాక్టర్ని."

నేను హిందీలో చెబుతుంటే డాక్టరమ్మ తలదించుకుని విన్నది. ఇలాగే తినకపోతే ఆసుపత్రిలో పెట్టి సెలైన్ ఎక్కించాల్సి వస్తుందంది. అలా పెడితే మళ్లీ తిండి అలవాటవడానికి చాలాకాలం పడుతుందంది. "బడి నుంచి వచ్చాక పిల్ల దగ్గర ఎవరైనా ఉండగలరా?" అని అడిగింది.

"ఎవలున్నారమ్మా? నా షిఫ్టు మారదు, మా ఆవిడది అంతకంటే మారదు. మానేస్తే ముగ్గురం ఎల్లిపోవాల."

డాక్టరమ్మే అంది, "ఆ పెద్దమ్మకి ఫోను కలపండి."

"మళ్లీ ఆ ఫోనేనా!" అని విసుక్కున్నాడు గాని కలిపాడు. అక్కడ అప్పుడే మధ్యాహ్నం జనం పలచబడే వేళ. తెర నిండా ఒక గడ్డమూ, ముక్కుపుడకా కనిపించాయి.

"ఏటి బాబూ, ఈ యేళప్పుడు సేసేవు? గుంట బాగుందా?" అంటూనే మంచం మీద పిల్లని చూసింది. "ఓలమ్మో! సిక్కిపోనావేటే తల్లీ! ఏటి తిన్నావు ఈయేళ? సూపించు, కంచం ఏదీ?"

పిల్ల గోడవైపు తిరిగిపోయింది. డాక్టరమ్మ ఆమె ఏమందో నన్నడిగి తెలుసుకుని, నా భుజం మీద చెయ్యి వేసి, "తిండి మాట ఎత్తొద్దని, ఊరికే ఫోనులో ఉండమని చెప్పండి" అంది. నేను ఫోను తీసుకుని నేనెవరో చెప్పి, ఆ మాట అన్నాను.

"తిండి మాట ఒద్దా? మరేటి మాట్లాడాలమ్మా? వండడం, ఒడ్డించడం తప్ప నాకేటి తెలుసు? సదువుకున్నదాన్నా?"

"ఏటీ మాట్లాడక్కల్లేదంటమ్మా. తిన్నా తినకపోయినా ఊరికే ఫోన్ ఎట్టుకుని ఉండమంటన్నారు."

"ఊరికేనా?"

"ఊరికే."

"నాకు ఉల్లిపాయలు కోసుకోవాల గదమ్మా, సాయంత్రానికి."

"కోసుకోండి. ఫోను పక్కనెట్టుకోండి."

ఆమె ఫోనుని నూనె డబ్బాకి ఆనించినట్టుంది. ఓ మోచెయ్యీ, కత్తిపీట అంచూ, రేకు కప్పూ కనిపిస్తున్నాయి. నేను ఫోనుని పిల్ల తలగడ పక్కన పెట్టాను. కరకర కరకర చప్పుడు. వెనకాల రోడ్డు మీద చెరకు ట్రాక్టరు గుడగుడలాడుతూ పోయింది, ఎవరో "పక్కకి పోరా!" అని అరిచారు. ఆ గదిలో కేరళ మనిషి, ఉత్తరాది మనిషి, పనిబట్టల్లో ఉన్న తండ్రి, నేను అందరం నిలబడి ఉల్లిపాయలు తరగడం విన్నాం. నాకు ముక్కు మండింది. అక్కడ ఉల్లిపాయలేవీ లేవు.

చాలాసేపటికి పిల్ల అటు తిరిగే అడిగింది. "పెద్దమ్మా, కత్తిపీట మార్సేవా?"

చప్పుడు ఆగింది. "మార్సేనే. పాతది ఇరిగిపోనాది. నీకెలాగ తెలిసింది?"

"సప్పుడు ఏరేగా ఉంది."

మళ్లీ కరకర మొదలైంది. ఇంకాసేపటికి ఆ పిల్ల లేచి కూర్చుని, సిస్టరమ్మ బల్ల మీద ఉన్న బిస్కెట్ల పొట్లం విప్పుకుంది. తినమని మాలో ఎవరమూ అనలేదు. అటు పెద్దమ్మ చూడనే లేదు, తల వంచుకుని కోసుకుంటోంది. తండ్రి వెనక్కి తిరిగి కిటికీలోంచి మైదానం చూస్తూ నిలబడ్డాడు, చాలాసేపు.

ఆ తర్వాత రోజూ అదే. గుంట బడి నుంచి వెళ్లి ఫోను పెట్టుకునేది. అక్కడ పెద్దమ్మ పిండి కలిపేది, పప్పు ఏరేది, ఒక్కోసారి కూర్చునే కునుకు తీసేది. ఇక్కడ ఈ పిల్ల హోంవర్కు చేసుకునేది, ఆకలేస్తే తినేది. బరువు ఏమైందని అడుగుతారు మీరు. పెరిగింది, తగ్గింది, కాస్త పెరిగింది. ఇంతలో ఎత్తు పెరిగింది. ఆ వయసులో ఒళ్లు ఎవరి మాటా వినదు. క్లినిక్‌లో మాత్రం సిస్టరమ్మ తన బల్లని మిషను పక్కకి జరిపించుకుంది. అంకె నేను పైకి చదవనక్కర్లేదు, ఆమే వంగి చూసి రాసుకునేది. డాక్టరమ్మ ఏ పిల్లనైనా "ఏం తింటావు" అని అడిగే ముందు "ఎవరితో తింటావు" అని అడిగేది.

మీలో కొందరు నాలాగే పై దేశం బడుల్లోనో ఆసుపత్రుల్లోనో పనికి వెళతారు. పోస్టర్లు చదవండి, అందులో ఉన్నవన్నీ నిజమే. దాంతో పాటు ఎవరితో తింటావన్న ప్రశ్న కూడా అడగండి.

ఆ ప్రశ్న నా మెడకీ చుట్టుకుంది. ఓ రోజు ఆ గుంట క్లినిక్‌లో లెక్కలు చేసుకుంటూ ఉన్నట్టుండి అడిగింది.

"ఆంటీ, మరి నువ్వు ఎవలితో తింటావు?"

నేను ఉండే గదిలో ఆడవాళ్లం చాలామందిమి, షిఫ్టులు వేరు. నేను పొయ్యి దగ్గర నిలబడే తినేసేదాన్ని. గిన్నెలోంచే, కంచం కూడా పెట్టుకోకుండా.

"నాకెవలున్నారే? గోడతో తింటాను" అన్నాను నవ్వేస్తూ.

"గోడెందుకు? పుస్తకం ఆనించుకో. నువ్వు ఇంటర్ దాకా సదివేవు కదేటి." అని తన పాత సోషల్ పుస్తకం నా సంచిలో పెట్టేసింది. దాన్ని ఉప్పు డబ్బాకి ఆనించి, ఆ రోజు చాలాకాలం తర్వాత కంచంలో అన్నం పెట్టుకుని కూర్చుని తిన్నాను. అలా మొదలైంది. తర్వాత వాళ్ల నాన్నకి ఇంకో దేశంలో పని దొరికి వాళ్లు వెళ్లిపోయారు. నంబర్లు మారిపోయాయి. నేనూ వచ్చేశాను. ఆగిపోయిన ఇంటర్ పూర్తి చేసుకుని, దూరవిద్యలో డిగ్రీకి కట్టాను. ఎకనామిక్స్ అంతా బియ్యం డబ్బాకి ఆనించే చదివాను. పుస్తకం మీద పప్పు మరకలు లేని పేజీ లేదు.

కబుర్లలో పడి మధ్యాహ్నం దాటిపోయింది. ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్లు ఉన్నారు:

తమ్ముడికి మళ్లీ. ఎత్తితే మొదటి మాట "ఎవరైనా పోయేరేటి?" అంటాడు, సిద్ధంగా ఉండాలి.

కె.కోటపాడులో మా పిన్నికి. చెవుడు, గట్టిగా అరవాలి. ఈ కబురు అరవాల్సిందే.

కేరళ సిస్టరమ్మకి. నా హిందీ ఇంకా పాడైందని నవ్వుతుంది, నవ్వనీ.

డాక్టరమ్మకి. పాత నంబరే ఉంది, మోగుతుందో లేదో.

గోవాడ పెద్దమ్మకి. ఈమెతో ఏమీ మాట్లాడక్కర్లేదు, బజ్జీల వేళ కాకుండా చూసుకోవాలి. కిందటి నెల ఆమె హోటల్లో నేను టిఫిను తింటుంటే, పిల్ల కొత్త నంబరు నా ఫోనులో ఎక్కించింది ఈమే.

ఆఖరికి ఆ గుంటకి. ఇప్పుడు ఉద్యోగం చేస్తోందట, ఒక్కతే ఉంటోందట. ఎత్తితే పాసయ్యానని చెబుతాను. తిన్నావా అని మాత్రం అడగను. ఫోనుని బియ్యం డబ్బాకి ఆనించి, నా కంచం పెట్టుకుని కూర్చుంటాను.